ఊడని స్టిక్కర్లు

మూడో ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు.

బిడ్డ పుట్టి పదకొండు నిమిషాలైంది. బిడ్డకేం ఫర్వాలేదు, పక్క గదిలో గుక్కపట్టి ఏడుస్తోంది. కాన్పు బల్ల మీద తల్లికే రక్తం ఆగడం లేదు. కాన్పయ్యాక గర్భసంచి బిగుసుకోవాలి. బిగుసుకుంటేనే రక్తం ఆగుతుంది. దానికి ఆక్సిటోసిన్ అని చిన్న ఇంజెక్షన్ ఇస్తారు. ఆ గదిలో రోజుకు పదిసార్లు ఇచ్చే మందే. మామూలుగా రెండు మూడు నిమిషాల్లో గర్భసంచి గట్టిపడటం చేతికి తెలుస్తుంది.

డాక్టరమ్మ రెండు చేతులతో పొట్ట నొక్కి పట్టుకుని ఉంది. "ఇంకోటి."

"మూడయ్యాయి మేడం," అంది నర్సు.

"లెక్క నేనడిగానా? ఇంకోటి తీసుకురా!"

నర్సు స్టోరుకు ఫోన్ చేసింది. స్టోరు వరండా చివర ఉంది. అక్కడి ఫార్మసిస్టుకు నలభై ఆరేళ్లు, అందులో ఇరవై ఏళ్లు ఆ గదిలోనే గడిచాయి. ఆమె ఫ్రిజ్ తెరిచి ముందున్న పెట్టె మీద చెయ్యి వేసి ఆగిపోయింది. రెండు రోజుల కిందట ఇదే పెట్టెలోంచి ఇచ్చిన మందుతో ఇదే బల్ల మీద ఒక మనిషి పోయింది. కింది అరలో ఆపరేషన్ థియేటర్ వాళ్లు తిరిగిచ్చిన నాలుగు గాజు ఆంప్యూల్స్ ఉన్నాయి. అవి పాత బ్యాచ్‌వి. ఆమె వాటిని తీసుకుంది. గాజు పగులుతుందని ఎప్పుడూ పరుగెత్తని మనిషి, వరండా పొడవునా పరుగెత్తింది.

"ఇదేంటి, లేబుల్ వేరేగా ఉంది?" అంది డాక్టరమ్మ.

"పాతది మేడం. వేయండి."

"తేడా ఏంటి?"

"వేశాక చెప్తాను."

నాలుగు నిమిషాలకు డాక్టరమ్మ చేతి కింద గర్భసంచి బంతిలా గట్టిపడింది. రక్తం తగ్గి, ఆగింది. నర్సు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. డాక్టరమ్మ గ్లవ్స్ తీసి బకెట్‌లో పడేసి అప్పుడు ఫార్మసిస్టు మొహంలోకి చూసింది.

"మొన్నటి మనిషికి ఇదెందుకు ఇవ్వలేదు?"

ఫార్మసిస్టు మిగిలిన ఆంప్యూల్స్ నర్సు చేతిలో పెట్టి స్టోరుకు నడిచింది.

పదిన్నరకల్లా సూపరింటెండెంట్ వచ్చి ఫ్రిజ్‌కు తాళం వేశాడు. తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

"మందు నీ ఫ్రిజ్‌లోనే పాడైంది."

"రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూసి రాస్తాను సార్. పుస్తకం చూడండి, ఎప్పుడూ నాలుగూ అయిదే."

"పుస్తకం నీది, పెన్ను నీది, చెయ్యి నీది. నాలుగని రాయడానికి ఎంతసేపు?"

పోయిన మనిషి భర్త పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. తప్పెవరిదో సాయంత్రం అయిదుకల్లా రాసివ్వమని పోలీసులు అడిగారు. సూపరింటెండెంట్ ఉత్తరం టైపు చేయించేశాడు. అందులో ఫార్మసిస్టు పేరుంది. మందు పంపిన సంస్థ నుంచి ఒక్క జవాబు రావాలి, అది రాగానే సంతకం పెడతాడు. అప్పటిదాకా స్టోరు ముందున్న బెంచీ మీద కూర్చోమన్నాడు.

ఆమె బెంచీ మీద కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసింది.

మందు పంపింది ఉమ్మడి కొనుగోలు సంస్థ. తొమ్మిది చిన్న దేశాలు కలిసి పెట్టుకున్నది. ఒక్కో దేశం విడిగా మందులడిగితే పెద్ద కంపెనీలు ఫోనెత్తవు. తొమ్మిదీ కలిసి ఒకేసారి అడిగితే కంపెనీల మేనేజర్లే ఫైళ్లు పట్టుకుని వస్తారు, మంచి సరుకు చవగ్గా ఇస్తారు. వచ్చిన సరుకు ఒకే గోదాములో దిగుతుంది, ఒకసారే పరీక్ష జరుగుతుంది, అక్కణ్ణుంచి తొమ్మిది దేశాలకూ వెళ్తుంది. ఆ ఆఫీసూ ఆ గోదామూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. అందులో నాణ్యత చూసే అధికారి చెల్లెలు.

"చిన్నీ, ఎక్కడున్నావే?"

"ఆఫీసులోనే. మీ ఆసుపత్రి పంపిన ఫిర్యాదే చూస్తున్నా. బ్యాచ్ నలభై ఏడు."

"చూశావా?"

"చూశా. కాగితాల్లో అంతా బాగానే ఉందక్కా."

"అయితే బాగాలేనిది నేనన్నమాట."

"నేనన్నానా ఆ మాట?"

"నువ్వనక్కర్లేదులే. పొద్దున్నుంచి ఇక్కడ అందరూ అంటున్నారు. నువ్వూ ఆ వరసలో నిలబడు."

చెల్లెలు ఫోన్ పెట్టేసి కాగితాలు మళ్లీ మొదటినుంచి చదివింది. బ్యాచ్ దిగిన రోజున లాబ్ పరీక్ష: మందు బలం తొంభై తొమ్మిది శాతం. గోదాములో ఉన్న మూడు నెలల ఉష్ణోగ్రత గీత: మొదటినుంచి చివరిదాకా నాలుగు డిగ్రీలు. ఈ గీత గీసేది లాగర్ అనే పరికరం. పెన్నంత ఉంటుంది. మందు పెట్టెలకు కట్టి ఉంచితే పది నిమిషాలకోసారి వేడి ఎంతుందో రాసుకుంటుంది. హద్దు దాటితే దాని మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఒకసారి వెలిగితే ఇక ఆరదు, బ్యాచ్ మొత్తం పారేయాల్సిందే. ఈ బ్యాచ్ లాగర్ మీద దీపం వెలగలేదు.

ఆమె డైరెక్టర్ గదికి వెళ్లింది. డైరెక్టర్‌కు తొందరెక్కువ, ఎదుటివాళ్ల వాక్యం పూర్తయ్యేదాకా ఆగడు.

"సార్, ఆ ఆసుపత్రిలో ఫార్మసిస్టు..."

"మీ అక్క. తెలుసు. ఫైలు ఇంకొకరికి..."

"ఇంకొకరెవరున్నారు సార్? మన నాణ్యత విభాగమంటే నేనూ నా కుర్చీ."

డైరెక్టర్ గడియారం చూశాడు. "నాలుగింటికి వీడియో మీటింగులో తొమ్మిది దేశాల ప్రతినిధులూ తెర మీదికొస్తున్నారు. ఆలోపు వేరే కారణం చూపించండి. లేకపోతే మందు ఆసుపత్రిలో పాడైందని జవాబు పంపిస్తా. మీరు సంతకం చేయక్కర్లేదు, నేనే చేస్తా. నేనూ మనిషినే, మీ ఇబ్బంది నాకు తెలుసు."

పదకొండూ పది అయింది.

ఆమె ఆసుపత్రికి వెళ్లింది. సూపరింటెండెంట్ రెండు కాగితాల మీద సంతకాలు తీసుకుని ఫ్రిజ్ తెరిచి, బ్యాచ్ నలభై ఏడువి రెండు పెట్టెలు ఇచ్చాడు. ఒకటి మంచు డబ్బాలో పెట్టి లాబ్‌కు పంపింది. రెండోది పట్టుకుని బెంచీ మీద అక్క పక్కన కూర్చుంది.

"తిన్నావా?" అంది అక్క.

"నన్నడుగుతావేంటి? ఉద్యోగం పోయేది నీది."

"అందుకే నాకు తీరికుంది. నీకు లేదు."

పెట్టె ఇద్దరి మధ్యా బెంచీ మీద ఉంది. బయటి వేడికి దాని మీద నీటి పొర పట్టింది. అక్క అలవాటు కొద్దీ కొంగుతో తుడవబోయింది.

"ముట్టుకోకక్కా. సాక్ష్యం అది."

"సాక్ష్యానికి చెమట పడుతోంది, చూడు. ఈ ఫ్రిజ్ పెట్టెలతో ఇదే గోల. ఏ వార్డుదో చీటీ అంటిద్దామంటే అంటి చావదు. నేనయితే దారంతో కడతాను."

చెల్లెలు పెట్టెను తిప్పింది. పక్కన అరచేయంత స్టిక్కరు ఉంది. ఏ మందు, ఎలా వాడాలి, ఎక్కడ దాచాలి అని ఈ దేశపు భాషలో రాసి ఉంది. కంపెనీ అచ్చువేసింది కాదు, గోదాములో అంటించింది. నాలుగు అంచులూ అట్టలో కలిసిపోయినట్టున్నాయి. గోరుతో గీకింది. కదల్లేదు.

"నీ చీటీలు అంటవు, మరి ఇదెలా అంటిందక్కా?" అంది.

"మీ జిగురు మంచిదేమో."

"జిగురు అదే. నిరుడూ అదే."

నిరుడు ఏం జరిగిందో ఆమెకు బాగా గుర్తు. ఇలాంటి పెట్టెలే గోదాము నుంచి బయల్దేరేముందు తనిఖీకి వచ్చాయి. స్టిక్కర్లు సగం ఊడి వేలాడుతున్నాయి. స్టిక్కరు లేని మందు ఏ నర్సు ఎలా వాడుతుందని ఆమె మొత్తం సరుకు తిప్పి పంపింది. మూడు దేశాలు ఫిర్యాదు చేశాయి, మీటింగులు జరిగాయి. ఆ దెబ్బతో గోదాములో ఆమెకు తిప్పుడు మేడం అని పేరు పడింది. ఆ తర్వాత ఒక్క స్టిక్కరూ ఊడలేదు. గోదాము వాళ్లు పని నేర్చుకున్నారని అప్పుడు సంతోషించింది.

చల్లటి పెట్టెకు స్టిక్కరు అంటదు. ఇది ఇంత గట్టిగా అంటిందంటే, అంటించేటప్పుడు పెట్టె చల్లగా లేదు.

కారులో కూర్చుని ఆమె ఫోన్లు మొదలుపెట్టింది. తొమ్మిది దేశాల్లో తమ భాషలో స్టిక్కరు కావాలన్నవి నాలుగు. మిగతా అయిదింటికీ కంపెనీ పెట్టెలు ఉన్నవున్నట్టే వెళ్తాయి. ముందు స్టిక్కరు అడిగిన ఒక ద్వీపానికి చేసింది.

"నలభై ఏడో బ్యాచ్‌తో ఏమైనా ఇబ్బంది వచ్చిందా అండీ?"

అవతల ఫార్మసిస్టు గొంతు తగ్గించాడు. "మీకెవరు చెప్పారు? మేం బయటికి చెప్పలేదే. ఈ నెల్లో ఇద్దరు పోయారు. ఇంజెక్షన్ సరిగా ఇవ్వలేదని నర్సును బదిలీ చేశాం."

రెండో దేశం వాళ్లు తమ ఫ్రిజ్‌దే తప్పనుకుని కొత్తది కొన్నారు. మూడో దేశంలో ఒక డాక్టరు సెలవు మీద వెళ్లిపోయాడు. ఎవరికి వాళ్లు తమ ఇంట్లో మనిషినే తిట్టుకున్నారు. పక్క దేశాన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. అడిగితే పరువు పోతుంది కదా.

స్టిక్కరు అడగని అయిదు దేశాల్లోనూ ఇబ్బంది లేదన్నారు. ఒకావిడయితే ఉత్సాహంగా మాట్లాడింది. "నలభై ఏడా? బ్రహ్మాండంగా ఉంది. అలాంటిదే ఇంకోటి పంపండి."

చెల్లెలు ముగ్గురికీ మళ్లీ ఫోన్ చేసి, ఉత్తరం తర్వాత వస్తుంది, ఈ బ్యాచ్ ఇప్పుడే పక్కన పెట్టెయ్యండి అంది. అలా చెప్పే అధికారం ఆమెకు లేదు. వాళ్లెవరూ ఆ సంగతి ఎత్తలేదు.

గోదాము చేరేసరికి ఒంటిగంటయింది. గేటు దగ్గర కాపలాదారు లోపలికి కేకేశాడు. "తిప్పుడు మేడం వచ్చింది! ఊడేవన్నీ అంటించుకోండి!"

"నీ మీసం కూడా ఓసారి చూసుకో," అందామె.

ఎదురొచ్చింది గోదాము మేనేజరు. ఆయన అక్కాచెల్లెళ్ల నాన్నకు తమ్ముడు. అక్కకు పన్నెండేళ్లూ చెల్లెలికి ఏడేళ్లూ ఉన్నప్పుడు వాళ్ల నాన్న పోతే, ఇద్దర్నీ చదివించింది ఈ బాబాయే. చెల్లెలు ఈ సంస్థలో చేరిన కొత్తలో లాగర్ గీత చదవడం నేర్పిందీ ఆయనే. గోదాములో అరవై మంది పనిచేస్తారు, అందరికీ ఆయన బాబాయే.

"పెద్దదాని సంగతి విన్నానే," అన్నాడు. "పొద్దున్నుంచి కాలూ చెయ్యీ ఆడటం లేదు. అది ఫ్రిజ్ తెరిచి వదిలేసే మనిషా? ఏదో కరెంటు పోయి ఉంటుంది. నువ్వు కాస్త మెత్తగా రాయి."

"స్టిక్కర్ల గది చూడాలి బాబాయ్."

"ఇప్పుడా? మాడిపోతావు."

"చూడాలి."

స్టిక్కర్ల గది గోదాము వెనక రేకుల షెడ్డు. రెండు పొడవాటి బల్లలు, తిరుగుతున్నా గాలి ఇవ్వని ఒక ఫ్యాను. గోడకు కట్టిన థర్మామీటర్ నలభై నాలుగు చూపిస్తోంది. అక్కడి పెద్దను జిగురు అంటారు. పాతికేళ్లుగా అంటించే పనే. వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా మెరుస్తుంటాయి.

"మంచి పని మీది," అందామె. "నలభై ఏడు పెట్టె చూశాను. గోరుతో గీకినా రాలేదు."

జిగురు మొహం విప్పారింది. "రాదమ్మా. ఎందుకొస్తుంది? ఇదివరకు కోల్డ్ రూమ్ నుంచి ఇరవై పెట్టెలు తేవడం, తుడవడం, అంటించడం, అరగంటలో మళ్లీ లోపల పెట్టడం. అవి చెమట్లు కక్కేవి, ఇవి ఊడేవి, మీరు తిప్పికొట్టేవాళ్లు. ఇప్పుడలా కాదుగా. మొత్తం తెచ్చి ఇక్కడ పేర్చుకుంటాం. ఒకటి రెండు రోజులు ఆరతాయి. అప్పుడు అంటిస్తే చచ్చినా ఊడదు."

"నలభై ఏడు ఎన్నాళ్లు ఆరింది?"

జిగురు నవ్వు సగంలో ఆగింది. "అదా... అది కొంచెం ఎక్కువే. ప్రెస్సువాడు స్టిక్కర్లలో మోతాదు తప్పుగా అచ్చేశాడు. మళ్లీ వేయించి తెచ్చేసరికి నలభై రోజులు పట్టింది."

"నలభై రోజులూ పెట్టెలు ఇక్కడే ఉన్నాయా?"

"లోపల పెడితే మళ్లీ చెమరుస్తాయి కదమ్మా. ఇవాళొస్తాయి రేపొస్తాయి అనుకుంటూనే..." అతను ఆమె మొహం చూసి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "నాది జిగురు మేడం. మందు సంగతి నాకేం తెలుసు? ఆరనీ అన్నారు, ఆరబెట్టాను."

"ఎవరన్నారు?"

అతను ఫ్యాను వైపు చూశాడు. "ఇక్కడ ఎవరు చెప్తే ఎవరు వింటారో మీకు తెలీదా? నన్ను మాత్రం ఏ కాగితం మీదా రాయకండి. నేనేం చెప్పలేదు, మీరేం వినలేదు. ఈ గోదామును ఇంకో దేశానికి మార్చేస్తామని ఆర్నెల్లుగా అంటున్నారు. ఇంకో గొడవ జరిగితే అరవై మందిమీ రోడ్డు మీదుంటాం."

ఆమె సెల్‌ఫోన్‌లో ఉష్ణోగ్రత గీత తెరిచింది. పొద్దున్నుంచి నాలుగుసార్లు చూసిందే. ఇప్పుడు మళ్లీ చూస్తే కొత్తగా కనిపించింది. రోజూ ఎనిమిదింటికి ఓ చిన్న మిట్ట, అయిదింటికి ఓ చిన్న మిట్ట. కోల్డ్ రూమ్ తలుపు తీసినప్పుడు లోపలికొచ్చే గాలి అది. అంతకు మించి ఏమీ లేదు. పెట్టెలు నలభై రోజులు నలభై నాలుగు డిగ్రీల షెడ్డులో ఉన్నాయి, వాటితో ఉండాల్సిన లాగర్ ఒక్క పూట కూడా కోల్డ్ రూమ్ దాటి బయటికి రాలేదు.

కోల్డ్ రూమ్‌లోకి వెళ్లి చూసింది. తలుపు వెనక, భుజం ఎత్తులో కొత్త మేకు ఉంది. దానికి చిన్న దారం ముడి ఇంకా వేలాడుతోంది. కోల్డ్ రూమ్‌కు తాళంచెవి ఒకటే. అది ఎవరి నడుముకుంటుందో గోదాములో అందరికీ తెలుసు.

మూడూ ఇరవైకి లాబ్ నుంచి కెమిస్టు ఫోన్ చేశాడు. "మీ అక్క పెట్టె. రెండుసార్లు చేశాను. మందు బలం నలభై ఒక్క శాతం. సగం కూడా లేదు."

బాబాయ్ తన గదిలో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చి తలుపు మూసింది.

"ఆ మేకు ఎప్పుడు కొట్టావు బాబాయ్?"

ఆయన తిరగలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, వెలుతురుకు పట్టి చూశాడు, మళ్లీ తుడిచాడు.

"నీ చీటీ వచ్చిన తర్వాత," అన్నాడు చివరికి. "స్టిక్కర్లు ఊడుతున్నాయి, సరుకు తిరస్కరించడమైనది అని రాశావు చూడు, అది. పై వాళ్లు నన్ను పిలిచి, ఇంకోసారి జరిగితే గోదాము మారుస్తాం అన్నారు. నేనేం చేయను? చల్లగా ఉంచితే నువ్వొప్పుకోవు. ఆరబెడితే లాగర్ ఒప్పుకోదు. నీతో పెట్టుకోవడం కన్నా లాగర్‌తో పెట్టుకోవడం తేలిక అనిపించింది."

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని? నేర్పినవాణ్ణి నేను, నాకు చేతకావడం లేదనా?"

ఆమె సంచిలోంచి నలభై ఏడో బ్యాచ్ పెట్టె తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఒకటి రెండు రోజులకు ఏం కాదే. మందు అంత సుకుమారం కాదు. ప్రెస్సువాడు అలా చేస్తాడని నాకేం తెలుసు? ప్రతి వారం వచ్చే వారం అనేవాడు." ఆయన ఇప్పుడు తిరిగాడు. "పెద్దదాని ఆసుపత్రికే వెళ్తుందనీ అనుకోలేదు."

"ఇంకో ఆసుపత్రికి వెళ్తే ఫర్వాలేదా?"

"అలా అనలేదు."

"అన్నావు బాబాయ్."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "విను. లాగర్ చెడిపోయిందని రాయి. చెడిపోతాయి, నువ్వే రెండు చూశావు. యంత్రం మీద కేసుండదు. నాకింకో ఏడు నెలలే సర్వీసుంది. గోదాము ఉంటుంది, అరవై మంది ఉంటారు. పెద్దదాన్ని కూడా అనుమానం కింద వదిలేస్తారు."

"అనుమానం కింద అంటే?"

"అంటే కేసు నిలబడదు."

"లాగర్ చెడిపోతే గోదాములో ఏం జరిగిందో ఎవరికీ తెలియనట్టే. అప్పుడు మందు చివరిసారి ఎవరి చేతిలో ఉంది? అక్క చేతిలో. లైసెన్సు పోతుంది. కాన్పుకొచ్చిన మనిషిని చంపింది ఈవిడే అని ఊరు చెప్పుకుంటుంది. అది బతికినన్నాళ్లూ అనుమానం కిందే బతకాలి."

బాబాయ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను. నిన్ను ఇంతదాన్ని చేసింది నేను. అది గుర్తుపెట్టుకుని ఏం చేస్తావో నీ ఇష్టం."

"నువ్వే లేచి చెప్పు బాబాయ్. నీ నోటితో నువ్వు చెప్తే వేరు."

ఆయన లేచి, చొక్కా సర్దుకుని, ఆఫీసులో మీటింగుకు బయల్దేరాడు.

నాలుగింటికి తెర మీదికి తొమ్మిది దేశాల వాళ్లూ వచ్చారు. ఒకాయన మొహం కనిపించలేదు, గదిలో ఫ్యాను మాత్రం కనిపించింది. ఆ ఏడాది అధ్యక్షురాలు చెల్లెలు మొదట ఫోన్ చేసిన ద్వీపానికి చెందిన పెద్ద డాక్టరు. తెల్ల జుట్టు, నెమ్మది మాట. ఇక్కడ బల్ల చుట్టూ డైరెక్టర్, బాబాయ్, చెల్లెలు, పక్కన నోట్స్ రాసే గుమాస్తా ఉన్నారు.

డైరెక్టర్ మొదలుపెట్టాడు. "లాబ్ పరీక్షలో బ్యాచ్ నెగ్గింది. గోదాములో ఉష్ణోగ్రత సరిగ్గా ఉంది. కాబట్టి ఆసుపత్రిలో..."

"సార్, నేను మాట్లాడాలి," అంది చెల్లెలు. "ముందే చెప్తున్నాను, ఆ ఆసుపత్రి ఫార్మసిస్టు మా అక్క. నా మాట నమ్మాలో వద్దో ఆ లెక్కన చూసుకోండి."

"చెప్పమ్మా," అంది అధ్యక్షురాలు.

ఆమె గబగబా చెప్పింది. లాబ్ పరీక్ష జరిగింది బ్యాచ్ దిగిన రోజున. స్టిక్కర్లు అంటించింది ఆ తర్వాత. మందు పనిచేయనిది స్టిక్కర్లు అడిగిన నాలుగు దేశాల్లోనే. నలభై ఒక్క శాతం.

"నాలుగు చోట్లా ఫ్రిజ్‌లు పాడై ఉండొచ్చుగా," అన్నాడు డైరెక్టర్. "వేసవి."

"స్టిక్కరు అడిగిన దేశాల్లోనే పాడై, అడగని దేశాల్లో బాగుండే ఫ్రిజ్‌లా సార్?"

తెర మీద ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. నర్సును బదిలీ చేశామన్న ఫార్మసిస్టు అధ్యక్షురాలి పక్కనే కూర్చుని తల దించుకున్నాడు.

చెల్లెలు గీతను తెర మీద పెట్టింది. ఎనిమిదింటి మిట్ట, అయిదింటి మిట్ట చూపించింది. "పెట్టెలు నలభై రోజులు రేకుల షెడ్డులో ఉన్నాయి. ఈ గీతలో ఒక్క రోజు కూడా షెడ్డు లేదు. లాగర్‌ను పెట్టెల నుంచి విప్పి కోల్డ్ రూమ్ తలుపు వెనక మేకుకు తగిలించారు. మేకు ఇప్పటికీ ఉంది, ఫొటో తీశాను."

"లాగరే చెడిపోయి ఉంటే?" అన్నాడు డైరెక్టర్.

"చెడిపోయిన లాగర్‌కు తలుపు ఎప్పుడు తీశారో తెలియదు సార్. దీనికి రోజూ తెలిసింది."

డైరెక్టర్ తన ముందున్న జవాబు కాగితం పక్కకు జరిపాడు. బాబాయ్ బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని తన గోళ్లు చూసుకుంటున్నాడు. ఆమె ఆయన వైపు చూస్తూ కాసేపు ఆగింది. ఆయన తల ఎత్తలేదు.

"ఇందులో నా వంతు కూడా రాయండి," అంది గుమాస్తాతో. "చల్లటి పెట్టెకు స్టిక్కరు అంటదని నాకు తెలియదు. తెలుసుకోకుండా, ఊడితే తీసుకోను అని నిరుడు తిప్పి పంపాను. మళ్లీ ఊడకుండా ఎలా అంటిస్తున్నారని ఒక్కసారీ అడగలేదు."

గుమాస్తా రాసుకున్నాడు.

"అది రాశారు," అంది అధ్యక్షురాలు. "మా ద్వీపంలో ఇద్దరు పోయారు. మీ ఊళ్లో ఒకరు. అయిదింటికి పోలీసులకు ఒక పేరు వెళ్తుందని విన్నాను. అది మీ అక్క పేరు కాకూడదంటే ఇంకొకరిది కావాలి. లాగర్ విప్పిన మనిషి ఎవరో మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పండి."

నాలుగూ ఇరవై అయిదు. చెల్లెలు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. చిన్నప్పటినుంచీ ఆయనకు ఏదైనా ముఖ్యమైనది చెప్పాలంటే నిలబడే చెప్పేది.

"గోదాము మేనేజరు," అంది. "ఇదిగో, ఇక్కడే కూర్చున్నారు. మా బాబాయ్."